వాచీ క్యాలరీలు నమ్మి వడ తినొద్దు!

నడక ముగియగానే కళ్లు మణికట్టు మీదికి వెళ్తాయి. ‘200 క్యాలరీలు ఖర్చు’ అని స్మార్ట్‌వాచీ చూపిస్తే, టిఫిన్‌లో మరో వడ వేసుకున్నా ఫర్వాలేదనిపిస్తుంది. ధరలు దిగొచ్చి స్మార్ట్‌వాచీలు మధ్యతరగతి ఇళ్లలోకీ వచ్చేశాయి. మరి ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

నిజానికి వాచీ క్యాలరీలను కొలవదు. ప్రయోగశాలలో అయితే ముఖానికి మాస్కు తగిలించి, మనం వాడుకున్న ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లను బట్టి ఖర్చయిన శక్తిని లెక్కిస్తారు. వాచీ మాత్రం గుండె వేగం, చేతి కదలికలకు మీ వయసు, ఎత్తు, బరువు జోడించి ఒక అంచనా వేస్తుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందిపై 7 రకాల పరికరాలను పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. గుండె వేగాన్ని ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతోనే చెప్పాయి. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నింటిలోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది ఏకంగా 93 శాతం! తర్వాత కొత్త మోడళ్లు ఎన్నో వచ్చినా, అవి చెప్పేదీ అంచనాయే.

ఎందుకీ తేడా?

ఒకే బరువున్న ఇద్దరిలో కండ, కొవ్వు ఒకేలా ఉండవు. బీపీ, గుండె జబ్బులకు బీటా బ్లాకర్లు వాడేవారిలో గుండె వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి లెక్క దారి తప్పొచ్చు. వ్యాయామ సైకిల్ తొక్కేటప్పుడు కాళ్లు ఎంత శ్రమిస్తున్నా చెయ్యి కదలదు.

మీరే లెక్కేసుకోండి

ఊరికే కూర్చున్నా కిలో బరువుకు గంటకు సుమారు 1 క్యాలరీ ఖర్చవుతుంది. చురుగ్గా నడిస్తే దాదాపు 4 రెట్లు. అంటే 70 కిలోల వ్యక్తి అరగంట నడిస్తే సుమారు 140 క్యాలరీలు. ఇందులో 35 కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా కరిగింది 105 మాత్రమే. ఒక్క సమోసాతో అది కాస్తా తిరిగొచ్చేస్తుంది.

మధుమేహులూ... జాగ్రత్త

ఇన్సులిన్ తీసుకునేవారు వాచీ అంకెను చూసి భోజనం తగ్గించడం, మోతాదు మార్చుకోవడం ప్రమాదకరం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. గ్లూకోమీటర్ రీడింగునూ, డాక్టర్ సలహానూ అనుసరించండి.

అలాగని వాచీని పక్కన పడేయనక్కర్లేదు. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ నడిచారా అన్నది చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. క్యాలరీలకు బదులు నిమిషాలు లెక్కపెట్టండి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతుంటే మీ వేగం సరిపోయినట్లే. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి.