చంపని మందు

మన భాషలో 'మందు' అనే మాటకు చాకిరీ ఎక్కువ. జ్వరానికి మింగేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, పైరు మీద చల్లేదీ మందే. "ఫలానావాడు మందు తాగాడట" అంటే పట్నంలో నవ్వి వూరుకుంటారు. పత్తి పండే వూళ్లలో ఆ మాట వింటే గుండె ఝల్లుమంటుంది.

1997-98లో వరంగల్లు జిల్లా పత్తిచేల మీద లద్దెపురుగు విరుచుకుపడింది. రైతులు అప్పు తెచ్చి మందు కొట్టారు. పురుగు చావలేదు, మళ్లీ కొట్టారు. పురుగేమో మందుకు అలవాటు పడిపోయింది. అప్పు మాత్రం పెరిగింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపలేని ఆ మందునే తాగి పోయినవాళ్లు వారిలో వున్నారు.

ఈ మాట వచ్చినప్పుడల్లా "పెరట్లో వేపచెట్టు వుండగా మందెందుకండీ?" అనేవారు కొందరు; "వేపనీళ్లు చల్లాం, ఒక్క పురుగూ రాలలేదు" అని పెదవి విరిచేవారు కొందరు. తెలుగు చెప్పుకునే మీకు పురుగుల గొడవ ఎందుకంటారా? మాటకు అర్థం సరిగా తెలియకపోతే పని చెడుతుందని చెప్పడం నా వృత్తే గదా!

వేప పురుగును అక్కడికక్కడే చంపదు. 1959లో సూడాను దేశంలో మిడతల దండు పచ్చనిదల్లా మేసి, వేపచెట్లను మాత్రం వదలిపోవడం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గమనించాడు. వేపపప్పు నీళ్లు చల్లిన పైరును మిడతలు ముట్టవని 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయం వారు ప్రకటించారు. ఆ గుణమంతా ముఖ్యంగా గింజలోని అజాడిరక్టిన్ అనే పదార్థానిది. 1968లో ఇంగ్లండులో దాన్ని విడదీశారు. అది తగిలిన ఆకు పురుగుకు సహించదు. కాస్త తిన్నా, కుబుసం విడిచే వేళకు ఒంట్లో జరగవలసిన మార్పు జరగదు. పాత తోలులోనే చిక్కుకుని కొన్నాళ్లకు చస్తుంది. పురుగు ముదిరాక, సాయంత్రం చల్లి తెల్లవారేసరికి శవాలు లెక్కపెడదామనుకుంటే నిరాశ తప్పదు. గుడ్లు, పిల్లపురుగులు కనిపించగానే చల్లాలి. ఎండకు దాని బలం తగ్గిపోతుంది గనుక, పొద్దు వాలాక చల్లాలి. కొద్దిరోజులకు మళ్లీ చల్లాలి.

మొక్కనుంచి వచ్చిందల్లా మంచిదేనని పొరబడకూడదు సుమా! పొగాకూ మొక్కే. దాని కషాయంలోని నికొటీన్ పురుగునే కాదు, చర్మం గుండా దిగి మనిషినీ పడగొట్టగలదు.

పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామంలో రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, పట్టుబట్టి, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో కొనుగోలు మందులు మానేశారు. వేపకషాయం ఒక్కటే కాదు వారు చేసింది. ఎర పంటలు వేశారు, లింగాకర్షక బుట్టలు కట్టారు, రోజూ చేనంతా తిరిగి చూశారు. అంటే డబ్బుకు బదులు కన్నూ, కాలూ ఖర్చుపెట్టారన్నమాట.

జ్యేష్ఠ, ఆషాఢాల్లో వేపపళ్లు రాలి కాళ్లకింద నలిగిపోతుంటాయి. వాటిని ఏరి, గింజలు నీడన ఆరబెట్టి దాచుకోండి. 5 కిలోల పప్పును దంచి, మూటగట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి వడగడితే, 100 లీటర్ల కషాయానికి సరిపోతుంది. కాస్త సబ్బునీరు కలిపితే ఆకుకు పట్టుకుంటుంది. దీనికి అప్పుపత్రం రాయనక్కరలేదు.