తెలుపు ఎక్కడ నిండుతుందో కొలుద్దాం!

అనంతపురం సీమలో కెమెరా పట్టిన ప్రతి ఒక్కరికీ విన్నపం



పెళ్లికొడుకు తెల్ల పంచె మీద ఎండ పడిన చోట లేత గులాబీ మరక. సున్నం కొట్టిన గుడి గోడ మీద అదే మరక. తోలుబొమ్మ వెనక దీపం చుట్టూ అదే. ఎడిటింగుకు కూర్చున్నప్పుడు మనలో దీన్ని చూడనివాళ్లు లేరు. "మన ఎండ అంతేలే" అనుకుని, ఆ చోట తెల్లరంగు పూసి ఆల్బం ఇచ్చేస్తున్నాం. తప్పు ఎండది కాదు. మనం కొలవని ఒక్క అంకెది.

జరిగేదేమిటి?

సెన్సర్ మీద ఒక్కో చుక్కా ఒక్కో పడి అనుకోండి. నిండాక ఎంత వెలుగు పోసినా కిందికే పోతుంది. 14 బిట్ల రా ఫైలులో అంకెలు 0 నుంచి 16,383 దాకా ఉంటాయి. చాలా కెమెరాల్లో పడి అంతకు ముందే నిండిపోతుంది. మీ కెమెరా 15,000 దగ్గర నిండుతుందనుకుందాం. సాఫ్ట్‌వేరు మాత్రం 16,383నే తెలుపు అనుకుంటోంది. ఎండలో తీసిన ఫొటోకు వైట్ బ్యాలెన్సు చేసేటప్పుడు అది ఎరుపును దాదాపు రెట్టింపు చేస్తుంది, నీలాన్నీ బాగా పెంచుతుంది, ఆకుపచ్చను ఉన్నచోటే ఉంచుతుంది. ఎరుపు, నీలం అంచును తాకుతాయి. ఆకుపచ్చ 15,000 దగ్గరే ఆగిపోతుంది. ఆకుపచ్చ తగ్గిన ఆ తెలుపే మన గులాబీ మరక.

పోనీ అని 13,000 దగ్గర గీత గీస్తే మరక పోతుంది. దానితోపాటు, 13,000కూ 15,000కూ మధ్య కెమెరా పట్టుకొచ్చిన పంచె మడతలు, మల్లెల రేకులు, ధర్మవరం పట్టుచీర జరీలోని నేత కూడా పోతాయి. గీత ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే.

పైగా ఈ అంకె అన్ని కెమెరాలకూ ఒకటి కాదు. కొన్ని కానన్ కెమెరాల్లో ఐఎస్‌ఓ 100కు ఉన్నది 160కి ఉండదు. కొన్నిటిలో లెన్సును బాగా తెరిచినా మారుతుంది.

మనకే ఎందుకింత పట్టింపు?

ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే నేల మనది. మబ్బు నీడ దొరికే రోజులు తక్కువ. ఇక మన చేతికొచ్చే పనులు చూడండి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ తోలుబొమ్మ పల్చని తోలుకు చిల్లులు పొడిచి, రంగులద్ది, వెనక వెలుగు పెట్టి చూసేది. ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే బొమ్మకు నగలు. నగలు గులాబీ రంగులోకి తిరిగితే బొమ్మ ఏం మిగిలింది? లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు 16వ శతాబ్దివి. మండపం లోపల చీకటి, బయట రాతి మీద మండే ఎండ. 2022లో ఆ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. రేపు ఆ రంగులు ఇంకా వెలిసిపోతే, ఈనాటి రంగుకు మన ఫొటోలే సాక్ష్యం. సాక్ష్యం అబద్ధం చెప్పకూడదు.

మనం చేయవలసింది

1. ముఖ్యమైన ప్రతి పనినీ రాలో తీయండి. జేపెగ్‌లో ఈ లెక్క కెమెరాలోనే ముగిసిపోతుంది.

2. ఒక్క మధ్యాహ్నం కేటాయించండి. ఎండ పడుతున్న సున్నం గోడను, ఫోకస్ చెదరగొట్టి, మాన్యువల్‌లో నాలుగైదు స్టాపులు ఎక్కువిచ్చి, మీరు వాడే ప్రతి ఐఎస్‌ఓలోనూ ఒక్కో ఫొటో తీయండి. కెమెరాను సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి.

3. ఆ ఫైళ్లను రాడిగ్గర్ లాంటి సాఫ్ట్‌వేరులో తెరవండి. హిస్టోగ్రాం కుడివైపున గోడ కట్టినట్టు ఎక్కడ నిలిచిపోయిందో అదే మీ తెలుపు. రంగురంగుకూ తేడా ఉంటే తక్కువదాన్ని తీసుకుని, దానికి కాస్త కిందికి రాసుకోండి.

4. డార్క్‌టేబుల్‌లో రా బ్లాక్, వైట్ పాయింట్ మాడ్యూల్ ఉంది. అంకెను అక్కడ పెట్టి, మీ కెమెరాకు, ఐఎస్‌ఓకు ప్రీసెట్‌గా దాచుకోండి. రాథెరపీలో అయితే కామ్‌కాన్‌స్ట్ ఫైలులో రాయాలి. రెండూ ఉచితమే.

5. అదే మోడల్ వాడే పక్క స్టూడియోకు మీ అంకెలు చెప్పండి. దాచుకుంటే పెరిగే విద్య కాదిది.

"కొన్న సాఫ్ట్‌వేరులో కంపెనీవాళ్లే అంకె పెట్టి ఇస్తారు కదా?" అంటారు. నిజమే, చాలాసార్లు అది సరిగ్గానే ఉంటుంది. సరిగ్గా లేని రోజు దాన్ని పట్టుకోవాలంటే మన దగ్గర మన కొలత ఉండాలి. ఇంకొక్క మాట: మూడు రంగులూ పూర్తిగా నిండి పొర్లిన చోట ఏ అంకె కూడా వివరాన్ని వెనక్కి తేలేదు. కొలత తెలిసినవాడు అందుకే ఎక్స్‌పోజరునూ అదుపులో పెట్టుకుంటాడు.

శనక్కాయల వ్యాపారి కాటాకు ముద్ర లేకపోతే నిలదీస్తాం. మన కాటాను మనం ఎన్నడైనా చూసుకున్నామా? వచ్చే ముహూర్తాలలోగా మీ కెమెరా తెలుపు కొలవండి. ఆ అంకెలు స్టూడియో గోడ మీద రాసిపెట్టండి. ఈ కాగితం చదివాక పారేయకండి, పక్క స్టూడియోకు ఇవ్వండి.

— మీ తోటి ఫొటోగ్రాఫర్