మసిని తూకం వేస్తే చాలదు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణానికి చేరువలో ఉన్న మస్తూరీ ప్రాంతంలో పొగ అనగానే అందరి చూపూ సీపత్ వైపు మళ్లుతుంది. అక్కడి 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. బూడిద, గంధక వాయువుల విషయంలో ఆ కేంద్రాన్ని ప్రశ్నించవలసిందే. అయితే సూర్యకాంతిని మింగే మసి సంగతి వేరు. పెద్ద బాయిలరులో బొగ్గు పొడి దాదాపు పూర్తిగా దగ్ధమవుతుంది. మసి పుట్టేది గాలి చాలక సగం కాలిన మంటలోనే. కట్టెల పొయ్యి, ఇటుక బట్టీ, పాత డీజిల్ లారీ, కోతల అనంతరం పొలంలో అంటించిన వరిగడ్డి దానికి పుట్టిళ్లు.

ధూళి రేణువుపై పడిన వెలుగులో అధిక భాగం చెదిరిపోతుంది. మసి తీరు అది కాదు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఇరవై నుంచి నలభై భాగాలంత ఉండే గోళీలు గొలుసుకట్టుగా పేరుకొని మసి కణం ఏర్పడుతుంది. కాంతి తరంగం ఆ గోళీకి పదిరెట్లకు పైగా పొడవైనది గనుక వెలుగు పైపొరతో ఆగక లోపలి పదార్థాన్నంతటినీ తాకుతుంది. గ్రాఫైటును పోలిన ఆ కర్బనంలోని ఎలక్ట్రాన్లు ఎరుపు మొదలు ఊదా వరకు ఏ రంగునూ వదలక గ్రహించి వేడిగా మారుస్తాయి. అప్పుడే పుట్టిన ఒక గ్రాము మసి ఆకుపచ్చ కాంతిని మింగే విస్తీర్ణం సుమారు ఏడున్నర చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గది నేలంత! దానిపై సల్ఫేటు పూత పడితే ఆ పూత భూతద్దం వలె కాంతిని లోనికి మళ్లిస్తుంది. అప్పుడు గ్రహణశక్తి ఒకటిన్నర రెట్ల దాకా పెరగగలదు. పొగగొట్టపు గంధకం క్రమేణా సల్ఫేటుగా మారి పొయ్యి మసికి తోడు కాగలదు గనుక, థర్మల్ కేంద్రం ఈ వ్యవహారంలో పూర్తిగా నిర్దోషి కాదు.

ఫలితంగా పైనున్న గాలి వేడెక్కుతుంది, నేలకు చేరే వెలుగు తగ్గుతుంది. 1999లో వి. రామనాథన్, పాల్ క్రుట్జెన్ సారథ్యంలో హిందూ మహాసముద్రంపై జరిగిన ‘ఇండోఎక్స్’ పరిశోధన ఈ సంగతిని ప్రపంచం దృష్టికి తెచ్చింది. ఈ గోధుమవర్ణపు మేఘం, హరితగృహ వాయువులు కలిసి భారతదేశపు వరి దిగుబడిని తగ్గించాయని రామనాథన్ మరి ఇద్దరితో కలిసి 2006లో వెల్లడించిన అధ్యయనం తెలిపింది. వరి మీదనే బ్రతికే మస్తూరీ రైతుకు ఇది పరాయి విషయం కాదు.

కాగా, 2009 నాటి జాతీయ వాయు ప్రమాణాల్లోని 12 కాలుష్యాల జాబితాలో మసికి విడిగా చోటు లేదు. ధూళితో కలిపి తూచడమే! తూకానికి ఎర్రమట్టీ మసీ ఒక్కటే. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమా, నగరాల చుట్టూ అల్లినది. మసిని కొలవడం అసాధ్యమేమీ కాదు. వడపోత పట్టీ నల్లబడిన కొద్దీ దాని గుండా వచ్చే కాంతి ఎంత తగ్గిందో చూసి లెక్కగట్టే పరికరాలు ఉన్నాయి. ఇస్రో పరిశీలనా వ్యవస్థలో భాగంగా విశాఖపట్నం, అనంతపురం వంటి చోట్ల మసిని కొలుస్తూనే ఉన్నారు.

బిలాస్‌పూర్ రైలుమార్గంలో ఆవిరి ఇంజన్ల మసి పోయిందంటే ఫైర్‌మన్‌కు నీతులు బోధించడం వల్ల కాదు, ఇంజన్‌నే మార్చడం వల్ల. బట్టీల విషయంలో కేంద్రం 2022లో జిగ్‌జాగ్ పద్ధతికి మారాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏటా బట్టీలకు వలసపోయే బిలాస్‌పూర్ జిల్లా కూలీలకు అది ఊపిరితో ముడిపడిన ఉత్తర్వు. ఇక పొయ్యి మాట. 2016లో మొదలైన ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్ ఇచ్చింది గానీ, సిలిండరు ఖాళీ అయినప్పుడల్లా దాని ధర కూలి డబ్బులతో, ఏరుకొచ్చిన కట్టెతో పోటీ పడవలసి వస్తోంది. మసి గాలిలో నిలిచేది సుమారు వారం రోజులే. బొగ్గుపులుసు వాయువు వలె శతాబ్దాలు కాదు. సిలిండరు రాయితీని ఖర్చుగా మాత్రమే రాసుకునే ఆర్థిక శాఖ, ఇంత త్వరగా ఫలితమిచ్చే పద్దును జమ వైపు ఎందుకు చూపడం లేదో చెప్పవలసి ఉంది.