కొబ్బరి కేకు కాగితం వెనక

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1886లో పోయాక, చెల్లెలు లవీనియా అక్క కోరిన ప్రకారం ఆవిడకొచ్చిన ఉత్తరాలు చాలామటుకు తగలబెట్టేసింది. ఆ తర్వాత గదిలో కవితలు బయటపడ్డాయి. మొత్తం లెక్క తేలేసరికి దాదాపు 1800! నలభై కట్టలు ఆవిడే సూదీ దారంతో కుట్టి దాచుకుంది. మిగతావాటిలో కొన్ని కవర్ల వెనకా, చిత్తుకాగితాల మీదా. ఒకటైతే కొబ్బరి కేకు ఎలా చెయ్యాలో రాసుకున్న కాగితం వెనక! మనకి తెలియని సంగతా ఇది? పాల లెక్క వెనక నేను కథ మొదలుపెట్టిన రోజులున్నాయి.

లవీనియాని తప్పు పట్టలేను. అక్క మాట నిలబెట్టింది. పైగా పట్టుబట్టి 1890లో మొదటి పుస్తకం అచ్చు వేయించింది. అయినా మనసొప్పదు. ఎమిలీ రాసిన ఉత్తరాలు వదిన సూసన్ దాచింది కనక మిగిలాయి. సూసన్ జవాబులు చాలామటుకు బూడిదే. ఫోనులో ఒకవైపు మాటలే విన్నట్టుంటుంది.

అమ్మమ్మ మా అమ్మకి రాసిన కార్డులు తీగకి గుచ్చినవి నా దగ్గరున్నాయి. "కారం పాళ్ళూ, పురిటి కబుర్లూ తప్ప ఏముంది అందులో? పారేయరాదూ," అంటారు మావారు. నేనింకా సగం కూడా చదవలేదు. చదవనివ్వండి ముందు, అన్నాను.