లూకా ధర తేలలేదు, డేవిస్ ధరైనా తేలుతుందా?

నవంబర్ 11న డల్లాస్ మావెరిక్స్ యాజమాన్యం తన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తొలగించింది. 2025-26 సీజన్ మొదలై అప్పటికి మూడు వారాలే. ఆడిన 11 ఆటల్లో జట్టు గెలిచింది మూడే. అయితే ఆ ఎనిమిది ఓటములకే ఆయన ఉద్యోగం పోయిందని డల్లాస్‌లో ఎవరూ అనుకోవడం లేదు. తొమ్మిది నెలల కిందట, ఫిబ్రవరి మొదటి వారాంతంలో అర్ధరాత్రి బయటపడిన ఒక బేరానికి ఆయన చెల్లించిన మూల్యం అది. 25 ఏళ్ల లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు ఇచ్చి, 31 ఏళ్ల ఆంథనీ డేవిస్‌ను తెచ్చుకున్న బేరం.

హారిసన్ వెళ్లిపోయాక డల్లాస్ ముందు ఇంకో ప్రశ్న నిలబడింది. లూకాకు బదులుగా వచ్చిన డేవిస్‌ను ఉంచుకోవాలా, ఇంకో జట్టుకు ఇచ్చేయాలా? ఇస్తే ఎంతకు? అమెరికా క్రీడాపత్రికల్లో అప్పట్లో రోజుకో ప్రతిపాదన వచ్చేది. ఒకటి మరీ చవకనేవారు, ఇంకొకటి మరీ ఆశనేవారు. అసలు న్యాయమైన ధర అంటే ఏమిటో తేల్చుకోకుండా ఈ వాదన ముందుకు సాగదు. అది తేలాలంటే మొదటి బేరాన్ని మళ్లీ ఒకసారి తిరగేయాల్సిందే.

ఎన్‌బీఏలో సాధారణంగా ఆటగాళ్లను డబ్బుకు అమ్మరు. ఆటగాడికి బదులు ఆటగాడు, లేదంటే రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్‌లో ఎంపిక హక్కులు. ఏటా జూన్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను రెండు రౌండ్లలో ఎంచుకుంటాయి. (2015లో ఇదే డల్లాస్ జట్టు రెండో రౌండ్‌లో, 52వ ఎంపికగా, పంజాబ్ కుర్రాడు సత్‌నామ్ సింగ్‌ను తీసుకుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే.) బలహీనమైన జట్లకు ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువ కాబట్టి, మొదటి రౌండ్ ఎంపికే ఈ సంతలో అసలు నాణెం. దాన్ని ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టడానికీ వీల్లేదు. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ ఎంపికలు వదులుకోకూడదని ఒక నిబంధన ఉంది. 1980ల తొలి ఏళ్లలో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ ఉన్న ఎంపికలన్నీ ఊడ్చి ఇచ్చేస్తుంటే, ఆయన బారి నుంచి ఆయన జట్టునే కాపాడేందుకు లీగ్ పెట్టిన కట్టడి అది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ నాణెంలో చూస్తే లూకాకు పలికిన ధర ఎంత? డేవిస్, యువ ఆటగాడు మాక్స్ క్రిస్టీ, లేకర్స్ 2029 మొదటి రౌండ్ ఎంపిక. ఒక్కటంటే ఒక్కటి. లేకర్స్ దగ్గర అప్పుడు 2031 ఎంపిక కూడా ఇవ్వడానికి సిద్ధంగా ఉంది; అది వాళ్ల దగ్గరే మిగిలిపోయింది. ఆస్టిన్ రీవ్స్ మిగిలిపోయాడు. దీని పక్కన కొన్ని పాత బేరాలు పెట్టి చూడండి. 2022లో మిన్నెసోటా 30 ఏళ్ల రూడీ గోబేర్ కోసం యూటాకు నాలుగు మొదటి రౌండ్ ఎంపికలు, పైన కొందరు ఆటగాళ్లను ఇచ్చింది. 2024లో న్యూయార్క్ నిక్స్ మికాల్ బ్రిడ్జెస్ కోసం ఐదు మొదటి రౌండ్ ఎంపికలు ఇచ్చింది. బ్రిడ్జెస్ మంచి ఆటగాడే, కానీ ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు. లూకా ఐదేళ్లు వరసగా లీగ్ అత్యుత్తమ ఐదుగురిలో ఒకడు. 2023-24లో సగటున 33.9 పాయింట్లతో అందరికన్నా ముందు నిలిచాడు, ఆ ఏడాదే డల్లాస్‌ను ఫైనల్స్‌కు తీసుకెళ్లాడు.

ఇంకా ఇబ్బందికరమైన పోలిక డేవిస్‌తోనే ఉంది. 2019లో 26 ఏళ్ల డేవిస్‌ను తెచ్చుకోవడానికి ఇదే లేకర్స్, న్యూ ఆర్లియన్స్‌కు ముగ్గురు యువ ఆటగాళ్లను, మూడు మొదటి రౌండ్ ఎంపికలను ఇచ్చింది. మరుసటి ఏడాదే కప్పు కొట్టింది కాబట్టి ఆ ధర ఎక్కువని ఎవరూ అనలేదు. ఆరేళ్లు వాడుకుని, అదే మనిషిని 31 ఏళ్ల వయసులో ముందుకు తోసి, 25 ఏళ్ల లూకాను పట్టుకెళ్లింది. పాత బండి ఇచ్చి కొత్త బండి తెచ్చుకున్నవాడు పైన ఎంతో కొంత కట్టాలి. లేకర్స్ కట్టింది చాలా కొంచెం.

హారిసన్ పక్షాన చెప్పాల్సినవి లేకపోలేదు. లూకా 2024 క్రిస్మస్ నాటి ఆటలో పిక్క కండరం దెబ్బతిని అప్పటికి బయటే కూర్చున్నాడు. అతని బరువు మీద, శిక్షణ అలవాట్ల మీద జట్టులో గొణుగుడు ఉండేది. వచ్చే వేసవిలో అతనికి ఐదేళ్లకు దాదాపు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వాల్సి వచ్చేది. డిఫెన్స్ బలంగా ఉన్న జట్టే కప్పు గెలుస్తుందన్నది హారిసన్ నమ్మకం. డేవిస్ ఆ విద్యలో ఆరితేరినవాడు. ఇవన్నీ లూకాను వదులుకోవడానికి కారణాలు కావచ్చు. చవగ్గా వదులుకోవడానికి మాత్రం కావు. విమర్శకుల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మొదటిదాన్నే తిట్టారు. నిజానికి లెక్క తప్పింది రెండోచోట.

ఎందుకు తప్పింది? అడిగి చూడలేదు కాబట్టి. హారిసన్, లేకర్స్ అధిపతి రాబ్ పెలింకా పాత పరిచయస్తులు. హారిసన్ నైకీలో, పెలింకా కోబీ బ్రయంట్ ఏజెంటుగా ఉన్న రోజుల నాటి స్నేహం. డల్లాస్‌లో కాఫీ తాగుతూ మొదలైన మాటలు వారాల తరబడి ఇద్దరి మధ్యే నడిచాయని ఆ తర్వాత వార్తలొచ్చాయి. మిగతా జట్లకు లూకా దొరుకుతాడన్న సంగతే తెలియదు. మన పశువుల సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. అక్కడ ధర రహస్యమే గానీ, ఎద్దు అమ్మకానికి వచ్చిందన్నది రహస్యం కాదు. హారిసన్ ఎద్దునే దాచిపెట్టాడు.

పోటీ ఉంటే ధర ఎలా మారుతుందో ఐపీఎల్ చూసేవారికి వేరే చెప్పక్కర్లేదు. 2024 నవంబర్ వేలంలో రిషభ్ పంత్ పాట లక్నో దగ్గర 20.75 కోట్లకు ఆగింది. పాత జట్టు ఢిల్లీ తన మ్యాచ్ హక్కు వాడతానని చెయ్యెత్తగానే, లక్నో ఒక్క ఊపులో 27 కోట్లకు వెళ్లింది. ఆటగాడు అదే, నిమిషం క్రితం ఉన్న ప్రతిభే. మారింది పక్కన ఇంకొకరున్నారన్న స్పృహ. ఆ ఆరుంపావు కోట్లూ దాని ఖరీదు.

రహస్యానికి హారిసన్ వర్గం చెప్పిన కారణమూ ఉంది. సంగతి పొక్కితే అభిమానులు అడ్డుపడతారు, లూకా ఫలానా జట్టుకు తప్ప వెళ్లనంటాడు, బేరం చెడుతుంది. ఇందులో కొంత నిజం ఉంది. కానీ అభిమానులు సహించరని ముందే తెలిసిన బేరాన్ని, వాళ్లకు తెలియకుండా ముగిస్తే సహిస్తారని ఎలా అనుకున్నారు? మరుసటి రోజే స్టేడియం బయట, 21 సీజన్లు ఈ ఒక్క జట్టుకే ఆడిన డర్క్ నొవిట్జ్‌కీ విగ్రహం ముందు, అభిమానులు శవపేటిక తెచ్చి పెట్టారు. ఆ తర్వాత నెలల తరబడి హారిసన్‌ను తీసేయాలన్న కేకలు సొంత మైదానంలోనే వినిపించాయి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు కూడా 77 నంబర్ జెర్సీ కొత్తదేం కాదు. క్రికెట్ ఇళ్లలోనూ ఆ వారమంతా ఇదే చర్చ నడిచి ఉంటుంది.

తర్వాత జరిగినవి తెలిసినవే. డేవిస్ డల్లాస్ తరఫున తొలి ఆటలో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు చేసి, అదే ఆటలో గాయపడ్డాడు. ఆ సీజన్‌లో మొత్తం ఆడింది తొమ్మిదే. మార్చిలో కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఏప్రిల్‌లో లూకా ప్రత్యర్థిగా డల్లాస్ వచ్చి 45 పాయింట్లు కొట్టాడు. జట్టు 39 గెలిచి 43 ఓడి, ప్లేఆఫ్స్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఎవరూ ఊహించని మలుపు: 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్ లాటరీలో మొదటి ఎంపిక తగిలింది. 18 ఏళ్ల కూపర్ ఫ్లాగ్ వచ్చాడు.

ఫ్లాగ్‌ను చూపించి, లూకా బేరం చివరకు బెడిసికొట్టలేదనే వాదన కొన్నాళ్లు నడిచింది. దీన్ని ఒప్పుకోకూడదు. ఇల్లు తగలబడిన రోజునే లాటరీ తగిలితే, ఇల్లు తగలబెట్టుకోవడం తెలివైన పని అయిపోదు. అదే న్యాయంతో, డేవిస్ గాయాలన్నిటినీ హారిసన్ ఖాతాలో రాయడమూ సరికాదు. 2023-24లో డేవిస్ 76 ఆటలు ఆడాడు. కోలుకోలేని మనిషేమీ కాదు. కానీ అంతకుముందు మూడు సీజన్లలో ఆడినవి 36, 40, 56. ఈ సంఖ్యలు 2025 ఫిబ్రవరిలో అందరి కళ్లముందూ ఉన్నవే. బేరం చేసిన రోజున తెలిసిన వాటితోనే దాన్ని తూచాలి. ఆ తక్కెడలో కూడా డల్లాస్ పళ్లెం తేలిపోయింది.

ఇక 2025 నవంబర్ నాటి సంగతి. అప్పుడు డల్లాస్ చేతిలో 32 ఏళ్ల డేవిస్ ఉన్నాడు. 2025-26 సీజన్‌కు జీతం 5.4 కోట్ల డాలర్ల పైచిలుకు. 2027-28 వరకు ఒప్పందం ఉంది, ఆ చివరి ఏడాది కావాలో వద్దో అతని ఇష్టం, కావాలంటే 6.2 కోట్లు దాటుతుంది. అక్టోబర్ చివర్లో మళ్లీ పిక్క కండరం పట్టేసింది. మరోవైపు ఫ్లాగ్ తన ఉచ్చదశకు చేరడానికి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటికి డేవిస్ ఆట ముగింపులో ఉంటాడు. ఇద్దరి గడియారాలూ కలవవు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వేరే ఉంది. ఒకనాడు లూకా చుట్టూ జట్టు కట్టడానికి డల్లాస్ తన భవిష్యత్తు ఎంపికలను తాకట్టు పెట్టింది. 2027ది షార్లట్‌కు, 2029ది హ్యూస్టన్‌కు చేరతాయి. 2028, 2030లలో మార్చుకునే హక్కు ఓక్లహోమా సిటీ, శాన్ ఆంటోనియో చేతుల్లో ఉంది. 2026 తర్వాత 2031 దాకా తన ఎంపిక మీద తనకు పూర్తి అధికారం లేదు. లూకా కోసం చేసిన అప్పు మిగిలింది, లూకా మిగల్లేదు. కాబట్టి డేవిస్‌కు బదులు ఏమొచ్చినా, అది ఆ నాలుగేళ్ల ఖాళీని పూడ్చేదిగా ఉండాలి. పేరున్న ఇంకో 30 ఏళ్ల ఆటగాడు వస్తే వార్తకు బాగుంటుంది, జట్టుకు కాదు.

ఎంత ఆశించవచ్చు? కెవిన్ డ్యురంట్ ఉదాహరణ దగ్గరగా ఉంది. 2023లో 34 ఏళ్ల డ్యురంట్ కోసం ఫీనిక్స్ నాలుగు మొదటి రౌండ్ ఎంపికలు, మికాల్ బ్రిడ్జెస్‌తో పాటు మరికొందరిని ఇచ్చింది. 2025 వేసవిలో 36 ఏళ్ల అదే డ్యురంట్‌ను హ్యూస్టన్‌కు ఇస్తే తిరిగొచ్చింది జేలెన్ గ్రీన్, డిల్లన్ బ్రూక్స్, ఒక పదో నంబర్ ఎంపిక, కొన్ని రెండో రౌండ్ ఎంపికలు. ఆట పెద్దగా తగ్గలేదు, వయసు పెరిగింది. 2023 ఒప్పందంలో వచ్చిన కఠిన జీతాల పరిమితులు కూడా ధరలను కిందికి లాగాయి. ఖర్చు ఒక గీత దాటిన జట్టు, ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతాన్ని తెచ్చుకోలేదు. అంటే డేవిస్‌ను కొనగల జట్లే కొన్ని. డ్యురంట్ కన్నా చిన్నవాడే అయినా అతనికి ఆడిన ఆటల చరిత్ర తోడు లేదు. ఒక మంచి మొదటి రౌండ్ ఎంపిక, ఒక యువ ఆటగాడు, త్వరలో ముగిసే ఒప్పందాలు: ఇదే న్యాయమైన ధరకు దగ్గర. ఇంకో మొదటి రౌండ్ ఎంపిక కలిస్తే బేరం బాగా కుదిరినట్టే.

ఇక్కడే డల్లాస్ పడగల గొయ్యి ఉండేది. డేవిస్ కోసం లూకాను ఇచ్చాం, కనుక లూకా అంత ధర రావాలి అనే పట్టుదల. ఎకరం యాభై లక్షలకు కొన్నవాడు, ఇరవై పలుకుతున్న చోట యాభైకి తగ్గనంటూ ఏళ్ల తరబడి బోర్డు పెట్టి కూర్చోవడం లాంటిది ఇది. కొన్నవాడికి అమ్మినవాడి బాధతో పనిలేదు.

2025 నవంబర్ 15న ఐపీఎల్‌లో ఖరారైన మార్పిడి ఇందుకు భిన్నమైన పాఠం. రాజస్థాన్ తన కెప్టెన్ సంజూ శాంసన్‌ను 18 కోట్లకు చెన్నైకి ఇచ్చి, రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను తెచ్చుకుంది. 36 ఏళ్ల జడేజా ధర 18 నుంచి 14 కోట్లకు తగ్గింది. 31 ఏళ్ల వికెట్‌కీపర్‌కు బదులు వయసు మీరిన ఆల్‌రౌండర్ సరిపోతాడా అని వాదించవచ్చు, వాదించారు కూడా. కానీ ఆ బేరం వారాల పాటు పత్రికల్లో నలిగింది. ఆటగాడి సమ్మతి లేకుండా అక్కడ మార్పిడి కుదరదు. వయసు తేడాకు ధరలో కోత పడింది, పైన ఇంకో ఆటగాడు కలిశాడు. లూకా బేరంలో జరగనివి సరిగ్గా ఇవే.

హారిసన్ వెళ్లాక, 2025 నవంబర్‌లో డల్లాస్‌లో నిర్ణయాలు తాత్కాలికంగా మైకేల్ ఫిన్లీ, మ్యాట్ రికార్డి చేతికి వచ్చాయి. అర్వింగ్ కోలుకుని వచ్చేదాకా ఆగి, డేవిస్‌తో ఒకసారి గట్టిగా ప్రయత్నిద్దామనే వాదన అప్పుడు వాళ్లకు వినబడుతూనే ఉండి ఉంటుంది. టికెట్లు అమ్ముకోవాల్సిన యజమానికి అది నచ్చే మాట. కానీ ప్రతి కొత్త గాయానికీ ధర ఇంకో మెట్టు దిగేది, సొంత ఎంపిక ఉన్న చివరి ఏడాది 2026 కూడా చేజారిపోయేది. ఆ సీజన్ మార్పిడులకు గడువు 2026 ఫిబ్రవరి 5. ఆసారి డల్లాస్ ఏం అమ్ముతోందో మిగతా 29 జట్లకూ తెలిసే ఉంది.