మేడకు పిట్టగోడ సరే, ఆశ్రమానికో?

కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టించి తీరాలన్నది ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోని ఒక ఆజ్ఞ. గోడ లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి యజమానిదే. ఆ యజమాని భక్తిపరుడా, అతిథులను ప్రేమించేవాడా అని ధర్మశాస్త్రం అక్కడ అడగలేదు. గోడ ఉందా లేదా అన్నదొక్కటే దాని ప్రశ్న. ఈ ఆజ్ఞ మీద ప్రసంగం విన్న జ్ఞాపకం మాకైతే లేదు.

వృద్ధాశ్రమాల విషయంలో మనకు గుర్తు రావలసిన ఆజ్ఞ ఇదే. పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారు, అసలు పిల్లలే లేనివారు, ఉన్నా వారి ఆదరణకు నోచుకోనివారు... వీరికోసం మన తెలుగు ప్రాంతాల్లో ఎందరో విశ్వాసులు ఆశ్రమాలు నడుపుతున్నారు. దిక్కులేని ఇద్దరు అవ్వలకు వరండాలో చోటిచ్చిన సేవకుని ఇల్లే క్రమంగా ఇరవైమంది ఉండే ఆశ్రమమవుతుంది. ఆ ప్రేమను మేము శంకించడం లేదు. కాని ఇద్దరికి సరిపోయిన బాత్‌రూమ్, ఒక్క వంటమనిషి ఇరవైమందికి సరిపోరు. ఆ మాట అంటే ‘ప్రభువు పనిలో తప్పులెంచుతారా?’ అన్న ఎదురుప్రశ్న వస్తుంది. దాంతో మనం నోరు మూసుకుంటాం.

క్రిస్మస్ నెలలో ఆశ్రమాలకు వెళ్లి పండ్లు, దుప్పట్లు పంచుతాం. రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి, ఫొటో దిగి వస్తాం. బాత్‌రూమ్‌లోకి తొంగిచూసేవారెందరు? తడిసిన నున్నటి గచ్చు మీద, పట్టుకోవడానికి గోడకు ఒక పైపు కూడా లేనిచోట, ఎనభై ఏళ్ల తల్లి రాత్రి రెండింటికి ఒంటరిగా వెళ్తుంది. జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో అలా మంచం పట్టినవారు మునుపటిలా లేచి తిరగడం కష్టం. మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారైనా పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. తిప్పడానికి రాత్రివేళ మనిషి ఉండాలి కదా! బీపీ, షుగర్ మాత్రలు ఎవరివి వారికి వేళకు అందాయో రాసిపెట్టే పుస్తకం ఉండాలి. పైపుకు, పుస్తకానికి పెద్ద ఖర్చేమీ కాదు, కాకపోతే అవి ఫొటోలో పడవు. రాత్రి మనిషికి జీతం మాత్రం ఖర్చే. ఈసారి దుప్పట్ల డబ్బు దానికిస్తే బాగుంటుందని మా అభిప్రాయం.

మేము వెళ్లిన ఒక ఆశ్రమంలో గ్రిల్ తలుపుకు రాత్రుళ్లు బయటినుంచి తాళం వేస్తున్నారు. మతిమరుపు ఉన్న ఒక తాతగారు రోడ్డు మీదికి వెళ్లిపోతున్నారట. ఆ భయంలో న్యాయముంది. అయితే తాళంచెవి పక్కవీధిలో పడుకునే వార్డెన్ దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి వైరు కాలి మంటలు లేస్తే ఎలాగండీ అని అడిగాం. ‘దేవుడే కాపాడతాడండీ’ అన్నారాయన. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమనీ, దూతలు పట్టుకుంటారనీ ప్రభువుతో అన్నది ఎవరో మనకు తెలియనిది కాదు.

మా ప్రశ్న ఊహించి అడిగింది కాదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. వారిని గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. ఎర్వాడి దర్గా వద్ద స్వస్థత దొరుకుతుందన్న నమ్మకంతో కుటుంబాలు రోగులను ఆ ఊరికి తెచ్చేవి. సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు చేపట్టింది. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. అది మన మతంవారి స్థలం కాదులే అని తప్పుకోలేం. మన ఆశ్రమాల తాళాలూ ఇనుపవే.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్‌ను, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చింది గాని, ఆమోదం పొందకుండానే 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది. చట్టం మెడమీద కూర్చునేదాకా మనం ఆగాలా?

మన సంఘాలనుంచి ఇంగ్లండ్ వెళ్లి కేర్ హోముల్లో పనిచేస్తున్న పిల్లలను అడిగి చూడండి. అక్కడ కేర్ క్వాలిటీ కమిషన్‌వారు తనిఖీకి వస్తారు. ఇక్కడున్నవారు క్షేమంగా ఉన్నారా, వారికి ప్రేమ దొరుకుతోందా అన్నవి వారడిగే ఐదు ప్రశ్నల్లో రెండు. వారిచ్చిన గ్రేడును హోములో అందరికీ కనబడేలా పెట్టాలి. అక్కడా ఘోరాలు జరగకపోలేదు. బ్రిస్టల్ సమీపంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్నవారిని సిబ్బంది హింసించడం 2011లో బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. ఒక నర్సు అంతకుముందే చేసిన ఫిర్యాదును పట్టించుకుని ఉంటే కెమెరా అవసరమే వచ్చేది కాదు.

ఫిర్యాదును ఎలా వినాలో ఆదిమ సంఘాన్ని చూసి నేర్చుకోవాలి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు వినబడినప్పుడు (అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం) అపొస్తలులు ‘మమ్మల్నే ప్రశ్నిస్తారా?’ అనలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి వారికి ఆ పని అప్పగించారు. మన ఆశ్రమంలోని అవ్వ ఎవరితో చెప్పుకుంటుంది? వార్డెన్ మీద ఫిర్యాదు వార్డెన్‌కే చెప్పుకోవాలి. వయోవృద్ధులకోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించిన ఆశ్రమం మాకింకా తారసపడలేదు.

మన సంఘాల్లో నర్సులకు కొదవలేదు, ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు కలిసి, డిసెంబరులో కాదు, ఏ జూన్‌లోనో, చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లి రావచ్చు. వైర్లు చూడవచ్చు, మందుల పుస్తకం తిరగేయవచ్చు, వార్డెన్ పక్కన లేకుండా ఒక అవ్వతో కాసేపు కూర్చోవచ్చు. నిజమైన సేవకులు నొచ్చుకోరు.

ఆ ఆశ్రమానికి మొన్న మళ్లీ వెళ్లాం. తాళంచెవి ఇప్పుడు గ్రిల్ పక్కనే మేకుకు వేలాడుతోంది, రాత్రి ఒక ఆయా అక్కడే పడుకుంటోంది. బాత్‌రూమ్ గోడకు పైపు మాత్రం ఇంకా పెట్టలేదు.