తిప్పతీగపై చిట్టెలుక సాక్ష్యం

మా ప్రగతి నగర్‌లో కరోనా కాలాన ప్రహరీ గోడలకు పాకించిన తిప్పతీగ నేటికీ పలు ఇళ్ళలో ఉదయపు కషాయంగా కొనసాగుతున్నది. పూర్వులు అమృత అని పిలిచిన ఈ మూలిక పట్ల నాకును గౌరవమే. అయితే దీనిని సేవించిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. 2022లో వివిధ నగరాల వైద్యశాలల నుండి అట్టి 43 మంది వివరాలు వెలువడ్డాయి. వారు వాడినది తిప్పతీగను పోలిన వేరొక తీగ కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో సమాధానమిచ్చింది. ఆయుర్వేదాభిమానులు అంతటితో తృప్తి చెందుట సరికాదని నా అభిప్రాయం.

ఎలుకలకు ఇచ్చి చూచాము, ఏమీ కాలేదు అనుట కూడా చాలదు. 1993లో అమెరికాలో హెపటైటిస్-బి రోగులపై ఫియాలురిడిన్ అనే మందును ప్రయోగించారు. జంతువులపై జరిపిన పరీక్షల్లో ముప్పు బయటపడలేదు. కాని 15 మందిలో ఏడుగురికి కాలేయం విఫలమై, ఐదుగురు మరణించారు. ఇద్దరు కాలేయ మార్పిడితో బ్రతికారు. ఆ మందును కణంలోని మైటోకాండ్రియాకు చేరవేసే వాహకం మనిషిలో కలదు, ఎలుకలో అచ్చట లేదు.

ఈ లోపం తీర్చుటకే మానవ కాలేయ కణాలు గల ఎలుకలను రూపొందించారు. జన్యుమార్పుతో ఎలుక సొంత కాలేయ కణాలు నశించునట్లు చేసి, మానవ కణాలను ప్లీహంలోనికి ఎక్కిస్తారు. అవి కాలేయాన్ని చేరి, పెరిగి, అధిక భాగం ఆక్రమిస్తాయి. 2014లో ఇట్టి ఎలుకలకు ఫియాలురిడిన్ ఇవ్వగా, 14 రోజులలోపే కాలేయం దెబ్బతిన్నట్లు తేలింది. పాపం, వినాయకుని వాహనానికి మనం పెట్టే బాధ ఇంతింత కాదు. అయినను ఆ ఐదుగురి ప్రాణాలు తలచుకొన్నపుడు కాదనలేము.

తిప్పతీగను, దానిని పోలిన తీగను ఇట్టి ఎలుకలపై పక్కపక్కనే పరీక్షించాలి. ప్రయోగశాల జంతువుల పెంపకంలో అనుభవం గల జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉన్నది. అయితే ఒక చిక్కు కలదు. పరాయి కణాలను తిరస్కరించకుండుటకు ఈ ఎలుకల రోగనిరోధక శక్తిని ముందే తొలగిస్తారు. తిప్పతీగ వాడినవారిలో ఎక్కువగా కనిపించినదేమో, ఆ శక్తే సొంత కాలేయంపై తిరుగబడిన లక్షణం! కనుక ఎలుక క్షేమంగా ఉన్నంత మాత్రాన తీగ నిర్దోషి కాదు. తీగలో నేరుగా విషగుణమున్నదా, మానవ కాలేయం దానిని ఎట్లు మార్చుచున్నది అనే వరకే ఎలుక చెప్పగలదు. మిగిలినది రోగుల వివరాలే చెప్పాలి. ఆయుర్వేద ఔషధాల దుష్ఫలితాలను నమోదు చేయుటకు 2018లో ఆయుష్ శాఖ ఒక వ్యవస్థను ఏర్పరచింది. మన వైద్యులు దానిని సంకోచం లేక వినియోగించాలి.

ఈలోగా, శరీరపు రక్షణశక్తి తనపైనే తిరుగబడే కొన్ని రకాల థైరాయిడ్, కీళ్ళ వ్యాధులున్నవారు వైద్యుని అడుగక ఈ కషాయం సేవింపరాదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే మాని వైద్యునికి చూపాలి. మా వీధిలో ఎవరినైనా ఆస్పత్రిలో "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, "ఏమీ లేదండీ" అంటారు. కషాయం వారి లెక్కలో మందు కాదు.